వీపు వైపు సీట్లు

మోకాళ్ల మీద వంగి, తెల్లటి ప్లాస్టిక్ పలక కంతలోంచి చూపుడువేలు లోపలికి దూర్చాడు మైదానం మేస్త్రీ. గడ్డి వెచ్చగా తగిలింది. నిన్నటికంటే వెచ్చగా. లేచి నాలుగడుగులు వేసి మళ్లీ వంగాడు. పొద్దుటి నుంచి ఇదే వరస. పాటల కార్యక్రమం కోసం ఫుట్‌బాల్ మైదానమంతా పలకలు పరిచి ఇవాళ్టికి మూడో రోజు. మూడు రోజులు గాలాడకపోతే గడ్డి పసుపు తిరుగుతుంది, నాలుగోనాటికి కుళ్లు వాసన కొడుతుంది. ఆ మాటే పైవాళ్లకు చెప్పాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

పొట్టి మనిషి. మెడ ఎండకి కమిలి నల్లబడింది. ఎంత తోమినా గోళ్ల సందుల్లో మట్టి పోదు. ఏ ప్యాంటు వేసినా నెల తిరక్కుండా మోకాళ్ల దగ్గర ఆకుపచ్చగా మారుతుంది. ఈ ఇరవై ఆరేళ్లలో ఆ గడ్డిని కోశాడు, తడిపాడు, ఆటగాళ్ల బూట్లు పెళ్లగించిన చోటల్లా కొత్త పచ్చిక అతికించాడు. దక్షిణం వైపు గోలు ముందు ఎండ పడదు. అక్కడి గడ్డి ఎప్పుడూ నీరసమే, దాన్ని మరీ కంటికి రెప్పలా చూసుకున్నాడు. “నా సవతి ఎలా ఉంది?” అని భార్య రోజూ ఎత్తిపొడిచేది. మొదట్లో నవ్వుతూ అనేది, తర్వాత తర్వాత నవ్వడం మానేసింది.

ఆమె ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. ఆవిరిలో నిలబడి రోజంతా కూనిరాగం తీసేది ఇవాళ పాడబోయే గాయని పాటలే. పొద్దున పనికి బయల్దేరుతూ గుమ్మంలో ఆగింది.

“అక్క వాళ్ల ఊళ్లో పనుందట, వచ్చెయ్యమంటోంది. సాయంత్రం కార్యక్రమంలో నాకిష్టమైన ఆ నెమ్మది పాట అయ్యేదాకా లేవకుండా నా పక్కన కూర్చోండి. కూర్చుంటే ఉంటాను. లేదంటే అట్నుంచటే వెళ్లిపోతాను. వేళాకోళం కాదండీ.”

ఆయన గుండెల్లో రాయి పడింది. అంతలోనే, పాట ఎంతసేపు, నాలుగు నిమిషాలు, ఆమాత్రం కూర్చోలేనా అనుకున్నాడు.

సాయంత్రం ఆమె నీలంరంగు చీర కట్టుకుని, చేతిలో ఓ మోస్తరు సంచీతో వచ్చింది. సిబ్బందికి తలా రెండు టికెట్లిచ్చి, నచ్చిన సీట్లు ఎంచుకోమన్నారు. మేస్త్రీ రెండు రోజులు ఆలోచించి మరీ ఎంచాడు. ఆమె కూర్చుని, అటూ ఇటూ చూసింది. ఎదురుగా ఇనప గొట్టాలు, నల్లగుడ్డ, చుట్టలు చుట్టిన తీగలు.

“స్టేజీ ఏదండీ?”

“అదే.”

“మనం వీపు వైపు కూర్చున్నామా?”

“ఇక్కణ్ణుంచయితే, స్టేజీ పక్కగా, దక్షిణం గోలు ముందు భాగం బాగా కనిపిస్తుంది” అనేసి నాలిక్కరుచుకున్నాడు.

ఆమె ఒక్క క్షణం ఆయన్ని తేరిపార చూసి, పకపకా నవ్వింది. నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది. పక్క సీటు లావుపాటాయన కూడా ఎందుకో తెలియకుండానే నవ్వాడు. “పోన్లెండి, పాట వినపడుతుందిగా” అంది.

పాటలు మొదలయ్యాయి. జనం ఎగిరిన ప్రతిసారీ మేస్త్రీకి తన రొమ్ము మీద దూకినట్టే ఉంది. ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. వంగాడు, లేవబోయాడు, ఆమె చెయ్యి చూసి ఆగాడు. ఆ చెయ్యి ఆయన మణికట్టు పట్టుకునే ఉంది. అంతలో గోలు ముందు ఒక పలక మూల పైకి లేచింది. దాని మీదే నలుగురు గంతులేస్తున్నారు.

అప్పుడే నెమ్మది పాట అందుకుంది గాయని. మైదానమంతా సద్దుమణిగింది. భార్య కళ్లు మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి, ఒక్క మాటా తప్పడం లేదు. ఆమెకి పాటంతా వచ్చని మేస్త్రీకి ఇప్పుడే తెలిసింది. ఎంతో ముచ్చటేసింది. అయినా చూపు లేచిన మూల మీంచి కదల్లేదు.

“రెండు నిమిషాల్లో వస్తా” అన్నాడు. మణికట్టు మీద పట్టు వదులైంది. ఆమె కళ్లు తెరవలేదు.

మెట్లు దిగి, జనాన్ని తోసుకుంటూ వెళ్లి మోకాళ్ల మీద పడ్డాడు. పలక సందులోంచి చెయ్యి పెట్టాడు. గడ్డి తడిగా, చల్లగా, నిటారుగా ఉంది. ఏమీ కాలేదు! మేస్త్రీకి ప్రాణం లేచొచ్చింది. పలకని మడమతో అదిమి, ఈ మాట ముందు ఆమెకే చెప్పాలని మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. పాట ఇంకా చివరి చరణంలోనే ఉంది.

సీటు ఖాళీగా ఉంది.

“వెళ్లిపోయారండీ” అన్నాడు లావుపాటాయన. “సంచీ తీసుకుని వెళ్లారు. గడ్డి ఎలా ఉందో మిమ్మల్ని అడగమన్నారు.”

“బాగుంది” అన్నాడు మేస్త్రీ.

పరిగెత్తాలని వెనక్కి తిరిగాడు. స్టేడియంలో ఇరవై రెండు గేట్లు, ఏ తాళం ఎటు తిరుగుతుందో కూడా ఆయనకి తెలుసు. అక్కగారి ఊరి బస్సు ఎక్కడ ఆగుతుందో మాత్రం ఏనాడూ అడగలేదు. ఎటు పోవాలో తోచక, కాలు కాలిన పిల్లిలా మెట్ల మీద పైకీ కిందికీ తిరిగి, చివరికి తన సీటు దగ్గరికే వచ్చి నిలబడ్డాడు. ఏడుపొచ్చింది. పక్కాయన చూస్తున్నాడని కూడా అనుకోలేదు, ఏడ్చాడు.

ఆమె కుర్చీ మీద, గేటు దగ్గర అందరి చేతులకీ తగిలించిన లైటు పట్టీ పడి ఉంది. కింద ఎత్తిన వేల చేతుల పట్టీలతో పాటు అదీ, పాటకు తగ్గట్టు, వెలుగుతూ ఆరుతోంది.