నీళ్ళెక్కడని అడగని చోటు

నేను నీళ్ళు చూసేవాణ్ణి. అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని, చెప్పుల్లేకుండా చేనంతా తిరుగుతాను. కింద నీళ్ళున్న చోట టెంకాయ లేచి నిలబడుతుంది. అక్కడ రాయి పెట్టిస్తాను. బండి వచ్చి ఆ రాయి పెట్టిన చోటే బోరు వేస్తుంది. కుందుర్పి చుట్టుపక్కల పల్లెల్లో ఇరవై ఏళ్ళుగా ఇదే నా పని. మొదట్లో రెండు వందల అడుగులకే నీళ్ళు పడేవి కాబట్టి శ్రీరంగప్ప చెయ్యంటే చెయ్యి అనేవాళ్ళు. రెండు వేల సంవత్సరం దాటాక ఆరు వందలకు పోయినా తెల్లటి దుమ్మే లేస్తోంది. చెయ్యి అదే, టెంకాయా అలాగే లేస్తోంది, కింద మాత్రం ఏమీ లేదు.

లింగప్ప చేన్లో మూడు రాళ్ళు పెట్టించాను. మూడూ దుమ్మే. మూడోదీ దుమ్మే లేచిన నెల రోజులకు అతను శనక్కాయ పైరుకు కొట్టే మందు తాగి ఆ బోరు పక్కనే పడిపోయాడు. అతని భార్య బయమ్మ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నేను వాళ్ళింటి ముందు నుంచి పోయినప్పుడల్లా చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చేది.

"తాగన్నా. నీకన్నా దొరకనీ నీళ్ళు."

చుట్టాలకు ఇచ్చినంత మర్యాదగా ఇచ్చేది. నేను తాగేవాణ్ణి. తాగకపోతే ఇంకేమంటుందోనని భయం. కొన్నాళ్ళకు వెనక సందులోంచి తిరిగి పోవడం మొదలుపెట్టాను.

ఆ రోజుల్లోనే బోరు బండి నడిపే నూర్ అహమ్మద్ నాకు గడ్డ సంగతి చెప్పాడు. హొస్పేట దాటినాక తుంగభద్ర నడుమ చిన్న గడ్డ ఉందట. రెండు గుడిసెలు, నది దాటించే ఒక పుట్టి. పుట్టి నడిపే ముసలాయన అడిగినవాళ్ళకు ఇంత సంగటి చేసి పెడతాడట.

"ఆడ పండుకుంటే పొద్దంతా నీళ్ళ సద్దే అన్నా. ఎవురూ పలకరించరు," అన్నాడు.

నాకు నోరూరింది. పెళ్ళికో చావుకో తప్ప ఊరు దాటినవాణ్ణి కాను. ఊరికే పోవడం, ఒక్కణ్ణే పోవడం, తిని పండుకుని రావడం మా ఇంటా వంటా లేదు. అయినా ఆ మాట మనసులో నాటుకుంది. ఎవరి చేన్లోనో టెంకాయ పట్టుకుని తిరుగుతూ ఆ మూడు రోజులకు ఏర్పాట్లు చేసుకునేవాణ్ణి. మొదటి రోజు నిద్ర. రెండో రోజు నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చోవడం. మూడో రోజూ అదే. కల్యాణదుర్గం, బళ్ళారి, హొస్పేట, మూడు బస్సులు మారాలి. రెండు లుంగీలు, ఒక దుప్పటి, నిమ్మకాయ ఊరగాయ. టెంకాయ మాత్రం తీసుకుపోకూడదు. నీళ్ళు యాడున్నాయని నన్నెవరూ అడగని చోట మూడు రోజులు ఉంటే చాలు.

నా భార్య తిప్పమ్మకు చెప్పాను.

"గడ్డంటే ఏంది?"

బడి పుస్తకాల్లో ద్వీపం అంటారని, కోస్తా వైపు లంక అంటారని చెప్పాను.

"లంకా? ఆడికి పోయినోళ్ళు తోకకు నిప్పు పెట్టించుకోని వచ్చినారు," అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి నా మొహంలోకి చూసింది. "ఒక్కనివే ఎందుకు? నిజం చెప్పు. ఏమన్నా మనసులో పెట్టుకున్నావా?"

ఒక్కణ్ణే ఉండాలనిపిస్తోందని మగవాడు అంటే ఇంట్లోవాళ్ళు మందు డబ్బా దాచిపెట్టే కాలం అది. ఆమె తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాను. అప్పుడు గానీ ఆమె నా సంచి సర్దలేదు.

బయల్దేరిన పొద్దున రోడ్డు మీద ఓబన్న ఎదురొచ్చాడు. మా ఊరి రైతే. మధ్యాహ్నానికి బోరు బండి వస్తోందట, ఒక్క పాయింటు చూపించి పొమ్మని చేతులు పట్టుకున్నాడు. ఉన్నది ఒకటే బస్సు. మలుపులో దాని హారను వినిపిస్తోంది.

"వచ్చినాక చూస్తాలే ఓబన్నా."

"బండి మళ్ళా దొరకదన్నా. ఈతూరి పైరు పోతే నేను ల్యానట్టే."

నాకు ఒళ్ళు మండింది. చేతిలో టెంకాయ లేదు, చెప్పులు విప్పలేదు, అతని చేన్లో కాలు కూడా పెట్టలేదు. రోడ్డు మీద నిలబడే వేలు చూపించాను.

"ఆ రేగిచెట్టు కాడ, తూర్పుకు పదడుగులు. పో."

బస్సెక్కి కూర్చున్నాక, ఓబన్న నాకు దండం పెడుతూ కిటికీలోంచి కనిపించాడు. బళ్ళారి దాకా సిగ్గుగానే ఉంది. ఆ తర్వాత నిద్ర పట్టింది.

గడ్డ నూర్ అహమ్మద్ చెప్పినట్టే ఉంది. రాతిగుండ్లు, గడ్డి, నాలుగు పక్కలా నీళ్ళు. అన్ని నీళ్ళు ఒక్కచోట చూసేసరికి ముందు కోపమే వచ్చింది. ఎవరూ వెతకకుండానే ఇక్కడ ఇన్ని పారుతున్నాయి. మొదటి రోజంతా నిద్రపోయాను. రెండో రోజు ఊరగాయ కోసం సంచి అడుగున చెయ్యి పెడితే టెంకాయ తగిలింది. గంగమ్మకు కొట్టమని తిప్పమ్మ పెట్టినట్టుంది. కొట్టడానికే బయటికి తీశాను. అలవాటు కొద్దీ అరచేతిలో పడుకోబెట్టాను.

లేవలేదు.

గడ్డ అంచుకు పోయి మోకాటి లోతు నీళ్ళలో నిలబడ్డాను. లేవలేదు. ముసలాయన్ను బతిమాలి పుట్టిలో నది నడుమకు పోయాను. కింద నీళ్ళు, చుట్టూ నీళ్ళు, చేతిలో టెంకాయ మాత్రం చచ్చినట్టు పడుకునే ఉంది.

"ఏమప్పా, ఏం చూస్తాండావు?" అన్నాడు ముసలాయన.

"నీళ్ళు."

ఆయన పడి పడి నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది. మా ఊర్లో అయితే ఎదురుగా ఒక రైతు నిలబడి, ఊపిరి బిగబట్టి నా చేతివైపే చూస్తుంటాడు. ఇక్కడ ఎవరూ నానుంచి ఏమీ కోరడం లేదు. ఇరవై ఏళ్ళుగా ఆ కాయను లేపుతున్నది నీళ్ళు కాదని, ఆ చూపేనని నాకప్పుడు తెలిసింది. కొట్టకుండానే దాన్ని నదిలోకి విసిరేశాను. మూడో రోజు ఉండలేదు. ఊర్లో అందరికీ చెప్పేయాలి, ముందు బయమ్మకు చెప్పాలి. దారి పొడుగునా మాటలు కూడబలుక్కుంటూ వచ్చాను.

బస్సు దిగగానే ఓబన్న పరుగెత్తుకొచ్చి నా మెడలో పూలదండ వేశాడు. రేగిచెట్టు కాడ మూడు వందల అడుగులకే రెండున్నర ఇంచుల నీళ్ళు పడ్డాయట. మా ఇంటి ముందు నాలుగు పల్లెలవాళ్ళు కాచుకుని ఉన్నారు. అందరికన్నా ముందు బయమ్మ. ఒక చేతిలో చెంబు, ఇంకో చేతిలో టెంకాయ.

"తాగన్నా," అంది. ఈసారి ఆ మాటలో ముల్లు లేదు. "నిన్ను శానా బాధ పెట్టినా. నీ చెయ్యి మంచిదే. మాకు ఇంగొక్కటి చూపించు. బండికి చెప్పొచ్చినా."

పక్కకు పిలిచి చెప్పేశాను. "బయమ్మా, నా చేతిలో ఏమీ ల్యాదమ్మా. బస్సు పోతాందని ఓబన్నకు ఊరికే వేలు చూపించినా. నది నడుమకు పోయినా టెంకాయ లెయ్యల్యా."

ఆమె చెంబు కింద పెట్టింది.

"అట్లయితే మా ఆయన ఎందుకు సచ్చినాడన్నా?"

ఇరవై ఏళ్ళుగా జనం నన్ను అడిగినవన్నీ నీళ్ళ ప్రశ్నలే. దీనికి నేనేమీ కూడబలుక్కుని రాలేదు.

"మా ఆయన నొసట్న నీళ్ళు రాసిపెట్టల్యా. నీ చేతిలో తప్పు ల్యాదు. అంతే గదా? అంతే అని చెప్పన్నా."

ఆమె టెంకాయ నా ముందుకు చాచింది.

"అంతేనమ్మా," అన్నాను.

ఆ టెంకాయ తీసుకుని, చెప్పులు విప్పి లింగప్ప చేన్లోకి నడిచాను. మూడు బోర్ల మీదా మూడు బండలు మూసి ఉన్నాయి. బయమ్మ పక్కనే వస్తూ నా చేతివైపే చూస్తోంది. మూడో బండ దాటి పదడుగులు వేశానో లేదో, టెంకాయ లేచి నిలబడింది. బయమ్మ వంగి అక్కడ రాయి పెట్టింది.