తలుపు దగ్గరి స్టూలు

తెల్లవారగానే అక్క తమ్ముడి గది తలుపు తోసింది. ఎప్పటిలాగే వాడు తల నున్నగా దువ్వి, చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, తలుపుకు ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఆ తలుపుకు గడియ కూడా లేదు. వేలితో నెడితే తెరుచుకుంటుంది. అయినా ఆమె వచ్చేదాకా కదలడు.

పదహారేళ్లప్పుడు ఒక కొట్లాటలో వాడి దెబ్బకు మనిషి పోయాడు. పిల్లవాడని చూడకుండా పెద్దవాళ్ల కోర్టులో నిలబెట్టి, పెద్దవాళ్ల జైలుకే పంపారు. మీసమైనా రాకుండా వెళ్ళినవాడు తల నెరిశాక వచ్చాడు. అక్కడ రొట్టెలు కాల్చడం దివ్యంగా నేర్చుకున్నాడు. తలుపు మాత్రం ఎప్పుడూ ఇంకొకరే తీసేవారు. వాడి చెయ్యి ఆ పనే మరిచిపోయింది.

ఇప్పుడు పనిచేసే బేకరీ దగ్గరా అంతే. అక్క తన పనికి పోతూ పోతూ తలుపు తీసి వాణ్ణి లోపలికి తోయాలి.

“అల్లుడుగారు వచ్చారండోయ్! ఎదురెళ్లి పిలుచుకురండి, లేకపోతే అలుగుతారు” అంది పిండి కలిపే ఆవిడ. ఆవిడకిది రోజూ ఉండే వేడుకే.

“పిలుపులో మర్యాద తగ్గింది, రాను పొమ్మను” అని వాడూ ముసిముసిగా నవ్వాడు.

ఆ వేళ యజమాని తాళంచెవి తెచ్చి వాడి ముందు పెట్టాడు.

“మోకాళ్లు మొరాయిస్తున్నాయయ్యా. రేపటి నుంచి కొట్టు నువ్వే తియ్యి. తీశావా, వెనక గది నీదే, ఉండిపో. తియ్యలేదా, ఇంకొకణ్ణి పెట్టుకోక తప్పదు.”

రాత్రి అక్కకు ఆ సంగతి చెప్పి, కంచంలో కెలుకుతూ కూర్చున్నాడు.

మర్నాడు వాడు బట్టలు సంచిలో సర్దుకోవడం, స్టూలు మీద కూర్చోవడం ఆమెకు వినబడ్డాయి. మంచం దిగలేదు. దుప్పటి అంచు పళ్ల మధ్య పెట్టుకుంది.

“అక్కా!”

“నిద్రపోతున్నానురా.”

“నిద్రలో మాట్లాడతావేమిటే?”

“కలవరింత.”

గదిలోంచి నవ్వు వినిపించింది. నవ్వు ఆగింది. చాలాసేపు అలికిడి లేదు. తర్వాత తలుపు కిర్రుమంది. సంచి గోడకు రాసుకుంది. వీధి తలుపూ కిర్రుమంది.

“వెళ్ళొస్తానే!”

ఆమె పనికి పోతూ బేకరీ ముందు ఆగి, చేతులు కట్టుకుని బయటే నిలబడింది. తలుపు లోపలినుంచి తెరుచుకుంది. మోచేతులదాకా పిండితో తమ్ముడు.

“ఏమే, నువ్వూ అల్లుడివేనా? రా లోపలికి!”

సాయంత్రం ఇంటికొచ్చి, అలవాటుకొద్దీ వాడి గది తలుపు తోయబోయింది. అది తెరిచే ఉంది. ఎదురుగా స్టూలు, వాడు కూర్చునే చోట రంగంతా పోయి, చెక్క నున్నగా మెరుస్తోంది.