మాట ఉండే చోటు

మైపాడులో చేపలమ్మే పేరమ్మకు ఒక్కతే కూతురు, రోజారమణి. చిన్నప్పటి నుంచి ఆమెకు ఫిట్స్. కడుపులోంచి అల లేచినట్టయ్యేది. ఆ తరవాత చూపు నిలిచిపోయేది, పెదాలు చప్పరించేది, ఒక్కోసారి నిలుచున్న చోటే కూలిపోయేది. ఎన్ని మందులు మార్చినా వారం తిరక్కుండా మళ్లీ వచ్చేవి. ఇరవై ఆరేళ్లు నిండినా పేరమ్మ ఆమెను పొయ్యి దగ్గరికి పోనిచ్చేది కాదు.

నెల్లూరులో ఒక చిన్న ఆసుపత్రికి మెదడు ఆపరేషన్లు చేసే డాక్టర్ కెజియా వచ్చిందని విని తల్లీకూతుళ్లు వెళ్లారు. రోగిని రోజుల తరబడి కెమెరాల ముందు ఉంచి గమనించే గది అక్కడ లేదు.

"ఈసారి వచ్చినప్పుడు ఫోన్లో వీడియో తీయండమ్మా" అంది కెజియా.

బిడ్డ పడిపోతుంటే ఫోన్ పట్టుకోవడానికి పేరమ్మకు మనసొప్పలేదు. అయినా ఒక చేత్తో కూతురి తల పట్టుకొని, ఇంకో చేత్తో తీసింది. వణికిపోతున్న ఆ వీడియోలను కెజియా మళ్లీ మళ్లీ చూసి, ఇవి మెదడు ఎడమ పక్కన మొదలవుతున్నట్టున్నాయి అనుకుంది. స్కానింగ్‌లోనూ అదే తేలింది. ఎడమ చెవి పైభాగాన, మెదడులో ఒక మచ్చ. ఫిట్స్ అక్కడే పుడుతున్నాయి.

"దాన్ని తీసేయొచ్చు" అంది కెజియా. "కానీ ఆ పక్కనే మాట ఉండే చోటుంది. అదెక్కడో ముందే చూపించే మిషను మా దగ్గర లేదు. నువ్వు మేలుకొని మాట్లాడుతుంటేనే నాకు తెలుస్తుంది. వద్దనుకుంటే పెద్ద ఊరి ఆసుపత్రికి పంపిస్తాను."

పేరమ్మ కుర్చీలోంచి లేచింది. "తల తెరిచినాక మేలుకొని ఉండాల్నా? మాకొద్దు. లెయ్ మే, పోదాం."

రోజారమణి లేవలేదు. "నొప్పి ఉంటాదా మేడమ్?"

"పైన చర్మానికి మత్తిస్తాం. మెదడుకు నొప్పి తెలియదు."

"అయితే చేసేయండి. మాట్లాడేదానికి నాకేం కష్టం? నోరు మూసుకోమని మా అమ్మ దినామూ చెప్తానే ఉంటాది."

పేరమ్మకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

ఆపరేషన్లో చూపించి పేర్లు చెప్పించడానికి ఆసుపత్రిలో ఉన్న బొమ్మల్లో సగం రోజారమణి ఎన్నడూ చూడనివి. "తెలియక ఊరుకుంటే, మాట పోయిందని నేను పొరబడతాను. నీకు తెలిసినవే కావాలి" అంది కెజియా. ఆ మాట విని పేరమ్మ ఇసుక మీద గోనెపట్ట పరిచి, చేపలను ఒక్కొక్కటిగా పెట్టి ఫోటోలు తీసింది.

ఆపరేషన్ రోజు మత్తు డాక్టరు రూఫస్ రోజారమణి పక్కన కూర్చొని ఆ ఫోటోలు చూపించాడు. వెనక నుంచి కెజియా, కొద్దిపాటి కరెంటుతో తాకిన చోటును కాసేపు ఆపేసే సన్నని కడ్డీతో మెదడు మీద తాకుతూ పోయింది.

"ఇదేంటి?"

"కానాగంత."

"ఇది?"

"వంజరం. ఐసులోది సార్. తాజాది కాదు."

తరవాతి ఫోటో చందువ. రోజారమణి నోరు తెరిచింది. చేప తెలుసు, దాని రుచీ తెలుసు, పేరు మాత్రం రావడం లేదు. కెజియా కడ్డీ తీసేసింది.

"చందువ" అంది రోజారమణి.

"ఇదే మాట ఉండే చోటు. దీని జోలికి పోవద్దు" అంటూ కెజియా అక్కడ చిన్న గుర్తు పెట్టింది.

ఇంకోచోట తాకగానే రోజారమణి కడుపులో అల లేచింది. "మేడమ్, వస్తా ఉండాది."

కెజియా చల్లని సెలైన్ అందుకొని మెదడు మీద పోసింది. అల గొంతు దాకా వచ్చి ఆగింది, మెల్లగా వెనక్కి పోయింది. బుద్ధెరిగిన నాటి నుంచి అది వెనక్కి పోవడం రోజారమణి ఎరగదు.

"పొయినాది" అంది నమ్మలేనట్టు. "పొయినాది మేడమ్."

ఆ ధైర్యంతో మచ్చ తీసేదాకా చేపల పేర్లు చెబుతూనే ఉంది.

బయట బల్ల మీద పేరమ్మ కొంగు నలుపుకుంటూ కూర్చుంది. రూఫస్ వచ్చి, "ఏమ్మా, మీ వంజరం తాజాది కాదంట కదా" అన్నాడు.

"ఎవురన్నారు? ఫోటో తీసిన పొద్దునే వలలో పడిందే!" అని పేరమ్మ గయ్యిమంది. అంతలో అన్నదెవరో అర్థమైంది. రూఫస్ చేతులు రెండూ పట్టుకొని, అక్కడే నేల మీద కూలబడి నవ్వింది.

ఏడాది దాటింది. ఫిట్స్ మళ్లీ రాలేదు. మాత్రలు ఇంకా వేసుకోవాలి. ఒక్కోసారి ఏదో పేరు నాలుక మీదికొచ్చి ఆగిపోతుంది, కాసేపటికి దానంతటదే వస్తుంది.

మొన్న రోజారమణి ఒక్కతే గంపెత్తుకొని బస్సులో నెల్లూరు వెళ్లింది. చేపలన్నీ మధ్యాహ్నానికే అమ్ముడుపోతే, సినిమా చూసి పొద్దు వాలాక ఇల్లు చేరింది. పేరమ్మ వీధిలోనే అందుకుంది.

"ఫోనెత్తకుండా యాడ తిరగతా ఉండావే? పొద్దు పొయినాక ఇంటికొచ్చేది? అడిగే దిక్కు లేదనుకుంటివా?"

వయసొచ్చిన కూతుళ్లను ఊళ్లో తల్లులంతా తిట్టే తిట్లే అవి. ఆ ఇంట్లో మాత్రం అదే మొదలు. రోజారమణి అరుగు మీద కాళ్లు చాపుకొని, ఒక్కటీ పోనీకుండా విన్నది.