నాగలి ముందరి బిళ్ల

షెడ్డులో ఏళ్ల తరబడి మూలపడున్న ట్రాక్టరు నాగలిని కూతురు బయటికి లాగించేసరికి తల్లి రెండడుగులు వెనక్కి జరిగింది. ఆవిడకి ఇనుమంటే హడలు. గీసుకుంటే ధనుర్వాతం, జారిపడితే కాలు, పట్టు తప్పితే ప్రాణం.

"కర్రు అరిగిపోయింది బాబాయ్. కొత్తది తెప్పించాలి. ఇది ఏ రకమో కాస్త తేల్చు," అంది కూతురు, తను పిలిపించిన మేస్త్రీతో.

మేస్త్రీ గొంతుక్కూచుని తుప్పు గీకాడు. కంపెనీ పేరున్న రేకు ఎప్పుడో ఊడిపోయింది. "ఇలాంటివి రెండు రకాలొచ్చేవి తల్లీ. చూడ్డానికి కవలలే గానీ ఒకదాని కర్రు రెండోదానికి పట్టి చావదు. ముందర గడ్డి కోసే గుండ్రటి బిళ్ల ఉంటుంది, నంబరు దాని మీదే. దాన్ని బిగించే ఇనప కొమ్మ ఇదిగో. మరి బిళ్లేదీ?"

తల్లి చప్పున చూపు తిప్పుకుంది.

కూతురు డ్రైవరు వైపు తిరిగింది. ఇరవయ్యేళ్లుగా ఆ ఇంటి ట్రాక్టరు నడుపుతున్న మనిషి. "షెడ్డు తాళం నీ దగ్గరే కదా మావయ్యా? నట్లు శుభ్రంగా విప్పారు. పాత ఇనుము వాడికి గానీ వేశావా?"

ఆయన నవ్వబోయి మానేశాడు. "నేనా అమ్మాయ్?"

షెడ్డు తాళంచెవి ట్రాక్టరు సీటు మీద పెట్టి ఆయన గేటు వైపు నడిచాడు.

తల్లి నోరు తెరిచింది, మూసింది. కూతురేమంటుందో. మేస్త్రీ వీధంతా చెప్పి నవ్విస్తాడేమో. ఆయన ఇంకో అడుగు వేశాక చెబుదాం, ఇంకో అడుగు. గేటు కిర్రుమన్నాక గానీ ఆవిడ కాళ్లు కదల్లేదు.

"అన్నయ్యా, ఆగు! ఆ బిళ్ల నేనే తీశాను. షెడ్డు తలుపు తీసుంటే చాలు, మనవరాలు అటు పాకుతోందని, వేళ్లు తెగుతాయని... నువ్వు కునుకు తీస్తుంటే నీ జేబులోంచే తాళంచెవి తీశాను. అటక మీద దుప్పట్లో చుట్టి దాచాను."

"ఆ నట్లు నువ్వు విప్పావా వదినా?" వెనక నుంచి మేస్త్రీ నోరెళ్లబెట్టాడు. "రేపట్నుంచి నా కొట్లో పనికొచ్చెయ్!"

కూతురు తల పట్టుకుంది. "అమ్మా! అయ్యో మావయ్యా, నోరు జారాను, లోపలికి రా," అంటూనే అటకెక్కడానికి పరిగెత్తింది.

డ్రైవరు మాత్రం వెనక్కి రాలేదు. "విప్పినందుకు బాధ లేదు చెల్లెమ్మా. పిల్ల కోసం భయపడ్డావు. నేనిక్కడి దాకా నడుస్తుంటే చూస్తూ నిలబడ్డావు చూడు..." ఆయన గేటు దాటాడు. "రేపొస్తాలే. ఇవాళ్టికి నన్ను పోనీ."

లోపల మేస్త్రీ నంబరు పైకి చదువుతున్నాడు. కూతురు రాసుకుంటోంది. తల్లి గేటు ఊచ పట్టుకుని నిలబడిపోయింది. రోడ్డు దాటేది ఎవరైనా సరే, బళ్లొస్తాయి, చూసుకుని వెళ్లమని కేకెయ్యకుండా ఉండలేని మనిషి. ఆ పూట ఆయన దాటుతుంటే, ఆ మాట అనడానికి ఆవిడకి మొహం చెల్లలేదు.