చీటీలమ్మ హాల్లోకి వచ్చిన రోజు

ఆ పేటలో టమాటాలు సైతం రంగు కాగితాల పరుపుల మీద పడుకుంటాయి. చేపల దుకాణానికి అద్దాల తలుపులు, కూరగాయల దుకాణంలో సన్నటి సంగీతం. కొనడానికి వచ్చేవాళ్ళు సరుకు వంక కన్నా ఒకరి వంక ఒకరు ఎక్కువ చూసుకుంటారు. ఒక్కామె మాత్రం సరుకునే చూసేది. పొద్దున్నే సంచులు భుజాన వేసుకుని వచ్చి, చేప మొప్పలెత్తి చూసి, పుట్టగొడుగు కాడ విరిచి వాసన పట్టి, జేబులోని చిన్న పుస్తకంలోంచి కాగితం చింపి దుకాణదారు చేతిలో పెట్టేది. "ఇది నిన్నటిది. లోపల దాచింది తియ్యండి," అని ఉండేది అందులో. అతను కిక్కురుమనకుండా లోపలికి వెళ్ళేవాడు.

అలా ఆమెకు చీటీలమ్మ అనే పేరు స్థిరపడింది. ముప్పై రెండేళ్ళ మనిషి. మూగ కాదు, నత్తి. బడిలో హాజరు పిలిచినప్పుడు "వచ్చానండీ" అనేలోపు మాస్టారు తర్వాతి పేరుకు వెళ్ళిపోయేవారు. ముందు బెంచీలో కూర్చునే ఏడాదంతా గైర్హాజరు వేయించుకుంది. చుట్టూ నవ్వులు. పదో తరగతికల్లా నోరు మూసుకోవడమే సుఖమనుకుంది.

వీధి చివరి రెస్టారెంటులో పెద్ద వంటమనిషి ఆమె పిన్ని. ఎనిమిదేళ్ళ కిందట తనే తీసుకొచ్చి పనిలో పెట్టింది. సరుకు కొనడం, వంటింట్లో తరగడం చీటీలమ్మ పని. హాల్లోకి మాత్రం అడుగు పెట్టకూడదని సూపర్‌వైజరు హుకుం. "కస్టమర్లు ఏదైనా అడిగితే ఈవిడ నిలబడిపోతుంది. పరువు పోయేది నాది," అనేవాడు, ఆమె వింటూండగానే.

ఆ రోజు పొద్దున్న క్రీమ్ డబ్బా మూత తీయగానే పులిసిన వాసన కొట్టింది. చీటీలమ్మ అక్కడికక్కడే తిప్పి పంపేసింది.

"మంచి పని చేశావే," అంది పిన్ని. "గుమ్మడికాయ సూపు చిక్కబడాలి, అంతేగా? జీడిపప్పు రుబ్బి పోస్తాను." వంటింటి కిటికీలోంచి కేకేసింది. "ఏమయ్యా, ఇవాళ సూపులో మార్పుంది, విన్నావా?"

"ఆఁ ఆఁ, విన్నాను," అన్నాడు సూపర్‌వైజరు, ఫోను చెవికి ఆనించుకునే.

మధ్యాహ్నం హాలు నిండిపోయింది. కిటికీ పక్క పెద్ద బల్ల దగ్గర తొమ్మిదిమంది కుటుంబం. మనవరాలికి ఉద్యోగం వచ్చిందని నాయనమ్మ ఇస్తున్న విందు. వడ్డించేవాళ్ళలో ఇద్దరు సెలవు. పిన్ని రొట్టెల పళ్ళెం చీటీలమ్మ చేతుల్లో పెట్టి, "బల్ల మీద పెట్టి వచ్చెయ్. ఎవరూ నిన్ను కొరుక్కుతినర్లే," అని ముందుకు తోసింది.

ఆమె బల్ల దగ్గరికి వచ్చేసరికి మనవరాలు అడుగుతోంది. "సూపులో గింజలూ పప్పులూ ఏమీ లేవు కదండీ? నాకు పడవు. పోయినసారి ఊపిరాడక రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను."

"అబ్బే, క్రీమ్ తప్ప ఏమీ లేదు మేడమ్. నాది పూచీ," అన్నాడు సూపర్‌వైజరు.

మనవరాలు చెంచా ముంచింది.

చీటీలమ్మ రెండు చేతుల్లోనూ పళ్ళెం. పుస్తకం వంటింట్లో, ఏప్రన్ జేబులో ఉండిపోయింది.

"జీ..." అంది. "జీ... జీ..."

తొమ్మిది తలలు తిరిగాయి. సూపర్‌వైజరు ముఖం మాడింది. "లోపలికి వెళ్ళు," అన్నాడు పళ్ళ బిగువున.

"జీలకర్రా?" అన్నాడు అమ్మాయి తండ్రి, సాయం చేస్తున్నాననుకుని. "జీలకర్ర ఫర్వాలేదులెండి, తింటుంది."

చెంచా పైకి లేచింది.

చీటీలమ్మ పళ్ళెం దభీమని బల్ల మీద పడేసింది. రొట్టెలు దొర్లాయి. మనవరాలి మణికట్టు పట్టుకుంది. ఈసారి మాట కోసం తొందరపడలేదు, ఊపిరి తీసుకుంది.

"కా... కాదు. జీ... జీ... జీడిపప్పు. రుబ్బి పో... పోశారు. తాగకండి."

మనవరాలు చెంచా వదిలేసింది. దాని చప్పుడు హాలంతా వినిపించింది. తండ్రి సూపు గిన్నెను దూరంగా జరిపాడు. "నేను... నేను జీలకర్ర అన్నాను," అని మాత్రం అనగలిగాడు.

నాయనమ్మ సూపర్‌వైజరు వైపు ఒక్క చూపు చూసి, చీటీలమ్మ చెయ్యి పట్టుకుంది. "మా బంగారాన్ని కాపాడావు తల్లీ. ఇంకేం తినొచ్చో నువ్వే చెప్పు. ఎంతసేపైనా వింటాం."

చీటీలమ్మ చెప్పింది. చేప తెల్లవారుజామున వచ్చిందనీ, కన్ను తేటగా ఉందనీ, బేరిపళ్ళు రేపటికి ఇంకా తియ్యనవుతాయి కానీ ఇవాళా బాగుంటాయనీ. "పుట్టగొడుగులు" దగ్గర మాట పూర్తిగా ఆగిపోయింది. తొమ్మిదిమందిలో ఒక్కరూ కన్ను తిప్పలేదు, ఒక్కరూ మాట అందించలేదు. ఆమె ఆ గోడ తనంతట తనే ఎక్కి దిగింది. చెప్పడం అయ్యేసరికి చెమట పట్టింది. ఇన్నేళ్ళుగా తన నాలుక మీదే ఇంత రుచి ఉందని ఆమెకు తెలియదు.

సాయంత్రం సంగతి విన్న రెస్టారెంటు యజమానురాలు అందర్నీ పిలిచింది. "రేపట్నుంచి చీటీలమ్మ హాల్లో చేస్తుంది," అంది.

"కావాలంటే చీటీల మీద రాసిస్తుందిలెండి," అన్నాడు సూపర్‌వైజరు.

"రా... రాయను. చెప్తాను." చీటీలమ్మ అతని కళ్ళలోకి చూసింది. "మధ్యలో ఎ... ఎవరూ అందుకోకూడదు."

పిన్ని కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, "ఉల్లిపాయలు ఘాటుగా ఉన్నాయి," అంది. ఆ పూట ఎవరూ ఉల్లిపాయలు తరగలేదు.

మొదటి వారం తేలిగ్గా గడవలేదు. ఒక జంట లేచి వేరే బల్లకు మారింది. ఒకాయన ప్రతి మాటా తనే పూర్తి చెయ్యబోయాడు. ఆమె ఆగి, మళ్ళీ మొదట్నుంచీ మొదలుపెట్టింది. మూడోసారికి ఆయన చేతులు కట్టుకుని విన్నాడు. మూడు నెలలయ్యేసరికి ఫోనులో "ఆవిడ చూసే బల్లే కావాలి" అని అడగడం మొదలైంది. ఏది తాజా, ఏది కాదు, దేంట్లో ఏముంది, ఆమెకు తెలిసినంతగా ఆ పేటలో ఎవరికీ తెలియదు మరి. సూపర్‌వైజరు కూడా రోజూ పదకొండింటికి ఫోను పక్కన పెట్టి, "ఇవాళ ఏం మారాయి?" అని అడిగి, ఆమె ముగించేదాకా నిలబడుతున్నాడు.

మొన్న ఆదివారం ఖాళీ కుర్చీ లేదు. కొత్తగా వచ్చిన పెద్దమనిషి నిలబడే, గడియారం చూసుకుంటూ, "త్వరగా చెప్పండి, ఏం బాగుంది?" అన్నాడు.

"కూ... కూర్చోండి," అంది చీటీలమ్మ నవ్వుతూ. "అన్నీ చెప్తాను."

ఆయన కూర్చున్నాడు. ఆమె ఎనిమిది వంటలూ ఒక్కొక్కటే చెప్పింది. ఆయన అయిదు తెప్పించుకుని, ఆ చేప సంగతి మళ్ళీ ఒకసారి చెప్పమన్నాడు.