ఆరు బ్లాకుల ఎలక్షన్

లింబాద్రిని క్యాంపు బయట పడేశారు. నెట్టలేదు, కొట్టలేదు. గేటు తీయలేదు, అంతే.

సౌదీలో జూన్ నెల, సాయంత్రం అయిదు. రాస్ తనూరా సైటు నుంచి డ్యూటీ బస్సులు వరుసగా వస్తున్నాయి. మూడో బస్సు కిటికీలోంచి హన్మాండ్లు చూశాడు. గోడ వారన ఒక మనిషి కూలబడి ఉన్నాడు. కాళ్లు రెండూ ఉబ్బి చెప్పుల్లో పట్టడం లేదు. చేతిలో ఆస్పత్రి కవరు.

"అగో, మన లింబాద్రి గాదుర?"

బస్సు ఆగలేదు. హన్మాండ్లు లోపల దిగి గేటుకు ఉరికాడు. గేటు కాపలా నేపాలీ వాడిది, చెడ్డవాడేం కాదు. కంప్యూటర్ వైపు చెయ్యి చూపించాడు. "క్యా కరూఁ భాయ్? హురూబ్ లగా హై."

హురూబ్ అంటే పరారీ. నా పనివాడు పారిపోయాడని కఫీలు, అంటే పనికి రప్పించిన యజమాని, కంప్యూటర్లో ఒక్క మీట నొక్కితే చాలు. ఆ క్షణం నుంచి ఇకామా, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డు, చచ్చినట్టే. ఆస్పత్రి రానివ్వదు, విమానం ఎక్కనివ్వరు, దొరికితే జైలు. లింబాద్రి ఎక్కడికి పారిపోయాడు? కిడ్నీలు చెడిపోయి పంతొమ్మిది రోజులు సర్కారు ఆస్పత్రి మంచం మీద ఉన్నాడు. తీసుకుపోయి దించింది కంపెనీ అంబులెన్సే. తొమ్మిదో రోజున అదే కంపెనీ వీడు పారిపోయాడని రాసింది. రోగి అయితే కంపెనీ చూసుకోవాలి, పరారీ అయితే అక్కర్లేదు. చదువుకునే పిల్లలారా, చేతికి సూది గుచ్చుకుని మంచంలో పడున్నవాడు పరారీ ఎట్లా అవుతాడో మీ పుస్తకాల్లో ఉంటే చెప్పండి. మావాళ్లకు తెలిసింది ఒకటే, దీన్ని కంపెనీ అంటారు.

ఉల్లిగడ్డల వ్యానులో, బస్తాల వెనక కూర్చోబెట్టి లింబాద్రిని లోపలికి తెచ్చారు. సి బ్లాకు పద్నాలుగో రూములో కింది మంచం ఇచ్చారు. వారానికి రెండుసార్లు రక్తం కడగాలని డాక్టరు రాశాడు. హురూబ్ ఉన్నవాడికి ఇక్కడ ఎవడూ కడగడు. ఊరికి చేరితే జగిత్యాలలో కడుగుతారు. చేరితే బతుకుతాడు, ఇక్కడే ఉంటే చస్తాడు. పెట్టిన కంపెనీయే హురూబ్ తీయాలి, దానికి గడువు ఇంకా పన్నెండు రోజులు, అది దాటితే కంపెనీ కూడా తీయలేదు. ఈ కథంతా ఆ పన్నెండు రోజులే.

మొదట ఊరి దిక్కే చూశారు. లింబాద్రి భార్య ముత్తవ్వ పార్లమెంటు మెంబరు ఆఫీసుకు పోయింది. అక్కడి మనిషి వాళ్ల మండలం పేరు విని, అది మా సీటు కింద రాదు, పక్క సీటు అన్నాడట. పక్క సీటు ఆఫీసుకు పోతే, మండలం మాదే గాని మీ ఊరు మాది కాదు, గీత మీ ఊరి చెరువు కట్ట మీద పోయిందన్నారు. ముత్తవ్వ ఫోన్లో ఏడవలేదు, తిట్టింది.

"ఓట్లప్పుడు ఇద్దరు వచ్చి దండం వెట్టిన్రు. గిప్పుడు మేము ఎవలకు పుట్టినమో ఎరుక లేదంటున్నరు! హన్మాండ్లన్నా, మీరు ఆడ ఏమన్న జెయ్యిండ్రి."

ఏం చేస్తారు? సదానందం ఒక్కడే డిగ్రీ చదివినవాడు, సైట్ ఆఫీసులో కాగితాల పని చేస్తాడు. అతను గ్రాహం సంగతి చెప్పాడు. గ్రాహం సేఫ్టీ మేనేజరు, ఇంగ్లండు ఈశాన్యం మూలవాడు. తన టేబుల్ వెనక గోడకు ఆ మూల మ్యాపు అంటించుకున్నాడు. రంగు రంగుల ముక్కలు, ముక్కకొక మెంబరు. జూలై నాలుగున వాళ్ల ఎలక్షన్. పోయినసారి ఆ మూలకు ఇరవై తొమ్మిది సీట్లు, ఈసారి ఇరవై ఏడు. తన వీధి ఒక సీటులోకి, తల్లి వీధి ఇంకో సీటులోకి పోయాయని గ్రాహం రోజూ తిడతాడు. పద్దెనిమిదేళ్లుగా దేశం బయటే ఉన్నాడు. ఈ ఏడు చట్టం మారి ఓటు తిరిగొచ్చింది, పోస్టులో వేశాడు. మొన్న ఫిబ్రవరిలో అతని వీసా ఎక్కడో ఆగితే మెంబరుకు ఒక్క ఈమెయిల్ కొట్టాడు, నాలుగో రోజుకు వీసా వచ్చింది.

"మరి మన లింబాద్రి గురించి గూడ ఒక ఈమెయిల్ కొట్టరాదుండ్రి అని అడుగు" అన్నాడు హన్మాండ్లు.

"అడిగిన. మా మెంబరు మా సీటు వాళ్లకే మాట్లాడుతడు, నీ మెంబరెవరో ఆయనకు రాయి అన్నడు. మర్యాదగనే అన్నడు."

"మనకు ఓటు లేదా?"

"ఉంటది. కని ఊరికి పోయి, బూతుల నిలవడి, అసలు పాస్‌పోర్టు చూపియ్యాలె."

"పాస్‌పోర్టు యాడుంది?"

"హెచ్చార్ పునీత్ సార్ బీరువల."

రూమంతా నవ్వింది. లింబాద్రి కూడా నవ్వబోయి దగ్గాడు.

సదానందం నవ్వలేదు. "లెక్క జూడుండ్రి. వాళ్లకు డెబ్బై మూడు వేల మంది ఓటర్లకు ఒక మనిషి. ఈ దేశంల మనం ఇండియావాళ్లమే ఇరవై అయిదు లక్షలు. ఆ లెక్కన మనకు ముప్పై నలుగురు మెంబర్లుండాలె. ఎంతమంది ఉన్నరు?"



"అయితే మనమే వెట్టుకుందాం" అన్నాడు హన్మాండ్లు.

శుక్రవారం నమాజు తర్వాత మెస్ హాల్లో జమ అయ్యారు. క్యాంపులో పదకొండు వందల నలభై మంది, ఆరు బ్లాకులు. ఆరుగురిని ఎన్నుకోవాలి. ఆరుగురు ఒక్కటై పోయి ఒక్కటే అడగాలి, లింబాద్రి హురూబ్ తీయమని. ఈ దేశంలో గుంపు కట్టడమే నేరం. అందరికీ తెలుసు. తెలిసే వచ్చారు.

కడప చెంచయ్య ముందే లేచాడు. "మన తెలుగోళ్లం రెండొందల అరవై మందిమి ఉండాము. రెండు సీట్లు మనకే రావల్ల."

పెషావర్ వెల్డరు గుల్ జమాన్, మేమేం రొట్టెలు లెక్కపెట్టడానికి వచ్చామా అని బల్ల గుద్దాడు. "ఔర్ హమ్ క్యా యహాఁ రోటీ గిన్‌నే ఆయే హైఁ?"

"సప్లై వాళ్లకు ఓటేంది?" అని మళ్లీ చెంచయ్యే. "బయటి కాంట్రాక్టరు పంపిన ఊడ్చేటోళ్లు. వాళ్లు కంపెనీ మనుషులే కాదు."

ఎఫ్ బ్లాకు బీహారీ రామ్‌సురత్ మూలన నిలబడి ఉన్నాడు. తానూ అదే పప్పు తింటానని మెల్లగా అన్నాడు. కొందరు నవ్వారు.

హన్మాండ్లుకు ఒళ్లు మండింది. "చెంచయ్యా, లింబాద్రి రక్తం ఏ భాషల కడిగిస్తవ్? తెలుగులనా? సప్లై వానికి కిడ్నీలుండయా? బ్లాకుకు ఒక్కడు. ఎక్కువ తక్కువ లేదు."

"బ్లాకులు సమానం లేవన్నా" అన్నాడు సదానందం. "ఏ బ్లాకుల మూడొందలు, ఎఫ్‌ల తొంభై. సీటుకు నూట తొంభై వచ్చేటట్టు గీత గియ్యాలె."

సుద్దముక్కతో మెస్ నేల మీద క్యాంపు గీశాడు. బి బ్లాకు వరండా మధ్యలోంచి ఒక గీత పోయింది. ఎదురెదురు రూముల వాళ్లు వేరే సీట్లయి, రెండు గంటలు అరుచుకున్నారు. ఆ అరుపుల్లో ఒక సంతోషం ఉంది. తొమ్మిదేళ్లలో హన్మాండ్లు ఆ హాల్లో అట్లాంటి గోల వినలేదు.

అక్కడే ఒక తప్పు చేశారు.

ఓటరు లిస్టు లేకుండా ఓటేమిటన్నాడు సదానందం. ఊర్లో చీటీ ఇవ్వనిదే బూతులోకి పోనివ్వరు కదా. అందరూ ఔనన్నారు. ఆఫీసు ప్రింటరు మీద ఇరవై పేజీల లిస్టు తీశాడు. పేరు, రూము, ఇకామా నంబరు, వేలిముద్ర. జనం బారులు తీరారు. ఊర్లో లిస్టులోంచి ఎప్పుడో కొట్టేసిన పేర్లవి, ఇక్కడ నంబర్లుగా మాత్రమే బతికిన పేర్లు. హన్మాండ్లు తన పేరు కాగితం మీద రెండుసార్లు చదువుకున్నాడు.  అప్పుడు బుద్ధి పని చేయలేదు. ఎవడికీ చేయలేదు.

ఓటుకు కంపెనీ ఇచ్చే నారింజరంగు చెవి బిరడాలు వాడారు, మనిషికొకటి. స్టోరు తెర వెనక హెల్మెట్లు బోర్లా తిప్పి పెట్టారు, పోటీలో ఉన్నవాడికొకటి.

"ఇన్నేండ్లు చెవుల వెట్టుకొని ఏం వినలే. ఇయ్యాల గిది మాట్లాడుతది" అన్నాడొక ముసలి మేస్త్రి.

సి బ్లాకులో హన్మాండ్లు గెలిచాడు. డిలో గుల్ జమాన్, ఏలో సదానందం. మిగతా ముగ్గురు ఒక నేపాలీ, ఒక బెంగాలీ, ఒక మలయాళీ.

గడువుకు ఇంకా ఆరు రోజులుండగా ఆరుగురూ పునీత్ గదిలో నిలబడ్డారు. పునీత్ది విజయవాడ, కంపెనీ హెచ్చార్. ఏసీ గదిలో తెలుగువాడే కూర్చుని ఉన్నాడని మనవాళ్లకు కొంచెం ధైర్యం. ఆ ధైర్యం దండగ.

"చూడండి, ఐ అండర్‌స్టాండ్ యువర్ కన్సర్న్. బట్ ఆరుగురొచ్చి పదకొండు వందల మంది తరఫున మాట్లాడుతున్నాం అంటే ఎలాగయ్యా? రేపు ఇంకో ఆరుగురొచ్చి అదే అంటారు. ప్రూఫ్ ఏముంది?"

సదానందం హన్మాండ్లు మొహం చూశాడు.

"చూపియ్యి" అన్నాడు హన్మాండ్లు. గర్వంగానే అన్నాడు.

ఇరవై పేజీలూ బల్ల మీద పెట్టారు. పునీత్ మెల్లగా తిప్పాడు. రూము, నంబరు, వేలిముద్ర. "వెరీ గుడ్. చాలా సిస్టమాటిక్‌గా చేశారు. దీన్ని నా దగ్గర ఉంచండి."

మర్నాడే కంపెనీ కొత్త గీతలు గీసింది. సుద్దముక్క అక్కర్లేకపోయింది. లిస్టు ప్రకారం ప్రతి రూమునూ నలుగురు నాలుగు బ్లాకులకు పోయేలా విడగొట్టారు. మూడు వందల మందిని జెద్దా సైటుకు ఎక్కించారు. మిగిలినవాళ్ల ముందు ఒక కాగితం పెట్టారు, నా తరఫున ఎవరూ లేరు అని. సంతకం పెట్టనివాడికి హురూబ్. పెట్టారు. చెంచయ్య పెట్టాడు. రామ్‌సురత్ పెట్టాడు. వాళ్లను నేను తిట్టను. మీరూ తిట్టకండి.

గెలిచిన ఆరుగురికి ఫైనల్ ఎగ్జిట్. మూడు రోజుల్లో దేశం దాటాలి.

"పోలీసులకు హ్యాండోవర్ చేయకుండా ఇంటికి పంపుతున్నాం" అన్నాడు పునీత్. "థాంక్స్ చెప్పుకోవాలి మీరు."

నాలుగేళ్లుగా హన్మాండ్లు ఎగ్జిట్ అడుగుతున్నాడు. తల్లి చచ్చినప్పుడు అడిగాడు, ఇవ్వలేదు. "నాకొద్దు సారూ. నా జాగల లింబాద్రిని పంపుండ్రి. మీ కాల్మొక్కుత."

పునీత్ కళ్లు తిప్పుకున్నాడు. "నేమ్ మీద ఉంటుంది హన్మాండ్లూ, మార్చడానికి లేదు. నాది కూడా ఉద్యోగమేనయ్యా. నా ఇకామా కూడా వాళ్ల చేతిలోనే ఉంది."

పద్నాలుగో రూములో లింబాద్రి మొహం పసుపు పచ్చగా వాచి ఉంది. సంగతి విని నవ్వాడు.

"గెలిచినోనికి ఇంటికి టికెట్టా అన్నా? ఎరుకుంటే నేనే నిలవడుదు గదనే."

"నవ్వకురా."

"నువ్వు పో. ముత్తవ్వకు జెప్పు, పోరిని బడి మానిపియ్యొద్దని. గంతే."

మూడో రోజు పొద్దున వ్యాను వచ్చింది. నేపాలీ ఎక్కాడు, బెంగాలీ ఎక్కాడు, మలయాళీ ఎక్కాడు. సదానందం ఎక్కి సీట్లో మొహం దాచుకుని, లిస్టు నాదే, తప్పు నాదే అని ఏడ్చాడు. హన్మాండ్లు వ్యాను ముందు నేల మీద కూర్చున్నాడు.

"లింబాద్రి ఎక్కినంకనే నేనెక్కుత."

 పొమ్మంటే పోననే గల్ఫు కూలీని పునీత్ అంతకుముందు చూడలేదు. గుల్ జమాన్ మెట్టు మీద పెట్టిన కాలు తీశాడు. వచ్చి పక్కన చతికిలబడి సిగరెట్ ముట్టించాడు.

అవతల డ్యూటీ బస్సులు నిండుతున్నాయి. ఆరేడు వందల కళ్లు ఇటే చూస్తున్నాయి. ఒక్కరు దిగితే చాలు అనుకున్నాడు హన్మాండ్లు. ఎవరూ దిగలేదు. బస్సులు టైముకే బయల్దేరాయి. పోలీసులొచ్చి ఇద్దరికీ బేడీలు వేశారు.

తర్హీల్, అంటే పంపించేసే మనుషుల జైలు, ఒకటే పెద్ద హాలు. నాలుగు వందల మంది నేల మీదే. హన్మాండ్లు గోడకు ఆనుకుని రోజులు లెక్కపెట్టాడు. మూడు, రెండు, ఒకటి. గడువు దాటింది. గుల్ జమాన్ కప్పుకునే దుప్పటి సగం ఇటు జరిపాడు.

మరో రెండు రోజులకు తలుపు తెరిచారు. జంటలు జంటలుగా నలభై మంది దాకా లోపలికి వస్తున్నారు, అన్నీ క్యాంపు మొహాలే. ఏ బ్లాకు, బి బ్లాకు, ఎఫ్ బ్లాకు. ఒకే బేడీలో చెంచయ్య, రామ్‌సురత్.

హన్మాండ్లు లేచాడు. అడగడానికి భయపడ్డాడు. "లింబాద్రి?"

"నిన్న తెల్లారే పాటికి పొయ్యినాడన్నా" అన్నాడు చెంచయ్య. "రూములు మార్చినాక నేను ఆ రూములోనే ఉండా. నీళ్లు అడిగినాడు, తాపినాము. శవాన్ని కంపెనీ మాది కాదనింది. పరారీ అయినోడంట, ఎవురి మనిషో తెలీదంట. పోలీసులొచ్చి ఎవురిదిరా ఈ శవం అని అడిగినారు. ఇంగ బస్సులు నిలబడినాయి. శవం ఇంటికి పొయ్యేదాకా..."

 రామ్‌సురత్ బేడీతో సహా చెయ్యి పైకెత్తి చెంచయ్య కళ్లు తుడిచాడు.

"మీరు నలభై మందేనా వచ్చింది?"

"దొరికినోళ్లను దొరికినట్టు తెచ్చినారు. లీడరెవుడని కొట్టినారు. పేరు చెప్పల్లంటే పేరుండల్ల గదా."

"మిగిలినోళ్లు?"

"క్యాంపులోనే ఉండారు. బస్సులూ ఆడనే నిలబడి ఉండాయి."

"ఎవలు జెప్పిన్రురా, ఎక్కొద్దని?"

చెంచయ్య తల అడ్డంగా ఊపాడు.

"ఎవురూ చెప్పలేదన్నా. ఎవురూ ఎక్కలేదు."