సోమయాజులుగారి గేర్‌బాక్సు

నాంపల్లి స్టేషన్ వెనక సందులో కరుణాకర్ షెడ్డుకు పాత ఆటోమేటిక్ కార్లు తప్ప వేరేవి రావు. ఆ ఆషాఢంలో కోఠి కాలేజీ లెక్చరర్ నర్మద తన పాత కారు తెచ్చింది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజను అరుస్తుంది, బండి కదలదు. ఆయిలు తీసి చూస్తే నల్లగా, మాడిన వాసన. లోపలి ప్లేట్లు కాలిపోయాయి, గేర్‌బాక్సు మొత్తం మార్చాలన్నాడు కరుణాకర్.

తుక్కు బజారులో అదే మోడల్ బాక్సు దొరికింది. మట్టి కడుగుతుంటే అడుగున ఉలితో కొట్టిన గుర్తు బయటపడింది. 'క', దాని పక్కన పద్నాలుగు. తాను విప్పి బిగించిన ప్రతి బాక్సుకూ అతను వేసే గుర్తు. పద్నాలుగు పాత కస్టమర్ సోమయాజులుగారి కారుది. చేతిలోని పైపు నుంచి నీళ్ళు కాళ్ళ మీద పడుతున్నా అతనికి తెలియలేదు.

పదకొండేళ్ళ కిందట, ఆ రిపేరు జరిగిన తొమ్మిదో రోజు, సోమయాజులుగారు బషీర్‌బాగ్‌లో ఇంటి ముందు వాలులో కారాపి గేటు తీయడానికి దిగారు. కారు దొర్లి వచ్చి ఆయన్ని గేటుకు నొక్కేసింది. చక్రాలను కదలకుండా లాకు చేసే 'పి' (పార్క్)లో లీవరు పెట్టడం మరిచిపోయారని పోలీసులు రాసుకున్నారు. తన పనిలోనే లోపముందేమోనన్న అనుమానాన్ని కరుణాకర్ ఎవరికీ చెప్పలేదు. కానీ అప్పటినుంచి అబిడ్స్‌లో నడుస్తుంటే తన వెనక ఏదో టైరు మెల్లగా దొర్లుతున్న చప్పుడు వినిపించేది. తిరిగి చూస్తే ఏమీ ఉండేది కాదు. ఒక్కోసారి కస్టమర్ల కారు అద్దంలో తెల్ల చొక్కా మనిషి కనిపించేవాడు, వీపు ఇటు తిప్పి, గేటు గడియ తీస్తూ.

బాక్సును బల్ల మీద పెట్టి లీవరు 'పి'లోకి తోశాడు. ఠక్కుమంది. చక్రాలకు వెళ్ళే షాఫ్టును పట్టుకుని బలంగా మెలిపెట్టాడు. రెండుసార్లు ఆగింది. మూడోసారి జారి, చేతిలో తిరిగిపోయింది.

విప్పకుండా తుక్కుకే తిప్పి పంపొచ్చు. ఎవరికీ తెలియదు. అయినా స్పానర్ అందుకున్నాడు.

మూతకు తాను పూసిన పేస్టు చెక్కు చెదరలేదు. అంటే తన తర్వాత ఎవరూ తెరవలేదు. లోపల లాకును పట్టి ఉంచే చిన్న రేకుకు రెండు బోల్టులుండాలి. ఒకటే ఉంది. రేకు పక్కకు తిరిగిపోయింది. ఊడి పడితే బోల్టు బాక్సులోనే దొరకాలి. మొత్తం వెతికాడు. లేదు.

సాయంత్రం బషీర్‌బాగ్ వెళ్ళాడు. సోమయాజులుగారి భార్య వరలక్ష్మి తలుపు తీసింది.

"నేను మెకానిక్ కరుణాకర్‌నమ్మా. గప్పుడు సార్ బండి నేనే చేసిన. ఒక బోల్టు పెట్టలే. గియ్యాల బాక్సు విప్పితే తెల్సింది. సార్ 'పి'లనే పెట్టిన్రు. లాకే ఆగలే."

"ఆయన పెట్టారా?"

"పెట్టిన్రమ్మా. తప్పు నాది."

"పదకొండేళ్ళు... మతిమరుపు మనిషి, మా బతుకులు ఇలా చేసి పోయాడని ఆయన ఫొటో ముందే తిట్టుకున్నానయ్యా. పిల్లకీ అదే చెప్పి పెంచాను."

కరుణాకర్ ఆమె కాళ్ళ ముందు కూర్చోబోయాడు. ఆమె వెనక్కి జరిగింది.

"వద్దు. నాకా ఓపిక లేదు. ఇప్పుడు చెప్పింది కాగితం మీద రాసివ్వండి. మళ్ళీ రాకండి."

రాసి, సంతకం పెట్టాడు. మెట్లు దిగుతుంటే లోపల ఆమె ఫోనులో కూతురితో అంటోంది: "దివ్యా, నాన్న మరిచిపోలేదే. మరిచిపోలేదు."

నర్మదకు ఫోన్ చేసి, ఇంకో బాక్సు చూస్తానన్నాడు. మర్నాడు అవే మాటలు మరో కాగితం మీద రాసుకుని పోలీస్ స్టేషన్‌కు వెళ్ళాడు. ఎస్సై చదివి, కేసు ఎప్పుడో మూసేశారని, ఇప్పుడు ఏం చేయాలో పైవాళ్ళను అడగాలని, ఇంటికి పొమ్మని చెప్పాడు.

కరుణాకర్ పోలేదు. మధ్యాహ్నం దాకా స్టేషన్ బెంచీ మీదే కూర్చున్నాడు, ఎవరైనా తన పేరు పిలుస్తారేమోనని.